సగం ఎంజైమ్ ఎప్పుడు చాలదు? అక్యూట్ పోర్ఫిరియా వెనుక ఉన్న జన్యు మ్యుటేషన్లు

ఫ్రాన్స్‌లో రక్తదాతలను పరీక్షించి చూస్తే దాదాపు 1,700 మందిలో ఒకరికి హెచ్ఎంబీఎస్ అనే జన్యువులో లోపం ఉన్నట్టు లెక్క తేలింది. విపరీతమైన కడుపునొప్పి, నరాల బలహీనత ఎటాక్‌లుగా వచ్చే అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా (ఏఐపీ) అనే వంశపారంపర్య జబ్బుకు మూలం ఆ లోపమే. కానీ యూరప్‌లో ఈ జబ్బు బయటపడి వైద్యం అవసరమైనవాళ్లు పది లక్షల జనాభాకు ఐదారుగురే ఉన్నారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం ఉన్న నూరు మందిలో సుమారుగా ఒక్కరికే జబ్బు వస్తోందని అర్థమవుతుంది. మిగతావాళ్లు ఏ బాధా లేకుండా నిండు జీవితం గడిపేస్తున్నారు. తమలో ఆ లోపం ఉందన్న సంగతి కూడా వాళ్లలో చాలామందికి తెలియదు.

జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చిన కుటుంబం మొదట గ్రహించాల్సింది ఇదే. మ్యుటేషన్ ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు. ఆ రెంటి మధ్య కాలేయంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ మందు ఎందుకు ప్రమాదమో, పస్తు ఎందుకు పనికిరాదో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో విడివిడిగా బట్టీ పట్టాల్సిన పనుండదు.

హీమ్ తయారీలో మూడో మెట్టు

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకుని ఉండే భాగం పేరు హీమ్. శరీరంలో ఎక్కువ హీమ్ ఎముక మజ్జలోనే తయారవుతుంది. కానీ ఏఐపీ కథ నడిచేది మజ్జలో కాదు, కాలేయంలో. మందులను, హార్మోన్లను విరిచి బయటికి పంపే సైటోక్రోమ్ పీ450 ఎంజైములు కాలేయంలో పెద్ద ఎత్తున ఉంటాయి. వాటిలో ప్రతిదానికీ ఒక హీమ్ కావాలి. కాబట్టి కాలేయం తన అవసరాన్ని బట్టి హీమ్‌ను ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూ ఉంటుంది.

ఈ తయారీలో ఎనిమిది మెట్లున్నాయి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్. మొదటి మెట్టులో గ్లైసిన్, సక్సినైల్ కో-ఎ కలిసి అమైనోలెవులినిక్ ఆమ్లం (ఏఎల్ఏ) అవుతుంది. రెండో మెట్టులో రెండు ఏఎల్ఏలు కలిసి ఒక పోర్ఫోబిలినోజెన్ (పీబీజీ) అవుతుంది. మూడో మెట్టులో నాలుగు పీబీజీలు వరుసగా అతుక్కుని హైడ్రాక్సీమిథైల్‌బైలేన్ అనే గొలుసు తయారవుతుంది. ఈ మూడో మెట్టు ఎంజైమ్‌ను పీబీజీ డీఅమినేజ్ అంటారు. దాన్ని తయారుచేసే జన్యువే హెచ్ఎంబీఎస్. తర్వాతి మెట్లలో ఆ గొలుసు వలయంగా చుట్టుకుని, పక్కనున్న సమూహాలను వదులుకుంటూ, ఆఖర్న ఇనుమును చేర్చుకుని హీమ్ అవుతుంది.

పీబీజీ డీఅమినేజ్ పనితీరు కాస్త దగ్గరగా చూడదగ్గది. మ్యుటేషన్లు దాన్ని ఎక్కడ దెబ్బతీస్తాయో అప్పుడే స్పష్టమవుతుంది. ఈ ఎంజైమ్ 361 అమైనో ఆమ్లాల ప్రోటీన్. అందులో 261వ స్థానంలో ఉన్న సిస్టీన్‌కు రెండు పీబీజీల ముక్క ఒకటి శాశ్వతంగా అతికి ఉంటుంది. కొత్తగా వచ్చే పీబీజీలు ఆ ముక్క చివర ఒకదాని తర్వాత ఒకటి చేరతాయి. నాలుగు చేరేసరికి ఆరు కడియాల గొలుసు అవుతుంది. అప్పుడు ఎంజైమ్ చివరి నాలుగింటినీ తెంపి వదిలేసి, మొదటి రెండింటినీ తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మొదలుపెడుతుంది. గొలుసు పెరిగేకొద్దీ దాన్ని సర్దుకోవడానికి ప్రోటీన్ కూడా మెల్లగా కదలాలి. పీబీజీలో రుణావేశం ఉన్న ఆమ్ల సమూహాలుంటాయి. వాటిని సరైన చోట పట్టి ఉంచేవి ఎంజైమ్ లోపలున్న ధనావేశపు ఆర్జినిన్లు, ముఖ్యంగా 26, 167, 173 స్థానాల్లోనివి. వీటిలో ఒక్కటి మారినా ప్రోటీన్ చూడ్డానికి బాగానే ఉంటుంది, పరిమాణమూ తగ్గదు, పని మాత్రం జరగదు.

సగం చాలు, చాలనప్పుడే చిక్కు

హెచ్ఎంబీఎస్ జన్యువు 11వ క్రోమోజోమ్ పొడవాటి చెయ్యి మీద ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక ప్రతి చెడితే రెండోది పనిచేస్తూనే ఉంటుంది గనక ఎంజైమ్ శక్తి సుమారు సగానికి పడిపోతుంది. వైద్య పుస్తకాల్లో దీన్ని ఆటోసోమల్ డామినెంట్ అని రాస్తారు. ఆ మాట చూసి చెడ్డ ప్రతి మంచి ప్రతిని అణిచేస్తుందని అనుకోకూడదు. ఇక్కడ అణచివేత ఏమీ లేదు, ఉన్నది సగం లోటే.

మామూలు రోజుల్లో ఆ సగంతో కాలేయానికి లోటు రాదు. ఎందుకంటే హీమ్ తయారీ వేగాన్ని నిర్ణయించేది మూడో మెట్టు కాదు, మొదటి మెట్టు. అక్కడున్న ఏఎల్ఏ సింథేజ్-1 ఎంజైమ్ (దాని జన్యువు ఏఎల్ఏఎస్1) మామూలుగా చాలా తక్కువ పరిమాణంలో ఉంటుంది. అది ఎంత ఏఎల్ఏ వదిలితే కింది మెట్లకు అంతే పని. పూడికతో సగం మూసుకుపోయిన తూము మామూలు ప్రవాహాన్ని ఇబ్బంది లేకుండా వదిలేస్తుంది. వరద వచ్చిన రోజునే నీళ్లు వెనక్కి తన్ని గట్లు దాటతాయి. ఏఐపీలో పూడిక హెచ్ఎంబీఎస్ దగ్గర ఉంటే, వరద ఏఎల్ఏఎస్1 దగ్గర మొదలవుతుంది.

ఆ వరద ఎలా వస్తుంది? కాలేయ కణంలో వాడకానికి సిద్ధంగా కొంచెం హీమ్ ఎప్పుడూ ఉంటుంది. ఆ నిల్వే ఏఎల్ఏఎస్1ను అదుపులో ఉంచుతుంది: జన్యువు చదవబడటాన్ని తగ్గిస్తుంది, దాని ఎంఆర్ఎన్ఏ (ఎంజైమ్ తయారీకి వాడే జన్యువు నకలు) త్వరగా కరిగిపోయేలా చేస్తుంది, తయారైన ఎంజైమ్ మైటోకాండ్రియాలోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది, లోపలికి వెళ్లినదాన్ని కూడా త్వరగా విరిగిపోయేలా చేస్తుంది. హీమ్ నిల్వ తగ్గితే ఈ నాలుగు కళ్లేలూ ఒకేసారి సడలుతాయి. ఏఎల్ఏఎస్1 చాలా రెట్లు పెరుగుతుంది. ఏఎల్ఏ, పీబీజీ వరదలా తయారవుతాయి. సగం శక్తి ఉన్న మూడో మెట్టు ఆ వేగాన్ని అందుకోలేదు. కిందికి హీమ్ చాలినంత చేరదు గనక కళ్లేలు బిగుసుకోవు. వలయం తనంతట తానే ముదురుతుంది.

పేరుకున్న రెండింటిలో నరాలను దెబ్బతీసేది ఏఎల్ఏ అనే నిపుణుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దానికి గట్టి ఆధారం వేరే జబ్బుల నుంచి వచ్చింది. సీసం విషప్రభావంలోనూ, టైరోసినీమియా ఒకటో రకంలోనూ రెండో మెట్టు ఎంజైమ్ మందగిస్తుంది. అప్పుడు పెరిగేది ఏఎల్ఏ ఒక్కటే, పీబీజీ కాదు. అయినా ఏఐపీలో లాంటి కడుపునొప్పే, నరాల బలహీనతే వస్తాయి. పీబీజీ వల్ల రోగికి కలిగే హానికన్నా, వైద్యుడికి రోగనిర్ధారణలో అది చేసే మేలు ఎక్కువ.

జన్యువులో ఏం చెడుతుంది

హెచ్ఎంబీఎస్ చిన్న జన్యువు. సుమారు 10,000 డీఎన్ఏ అక్షరాల పొడవులో 15 ఎక్సాన్లు (కత్తిరింపు తర్వాత ఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు) ఉంటాయి. దానిలో ఇప్పటిదాకా నమోదైన హానికర మ్యుటేషన్లు 400 దాటాయి. చాలా కుటుంబాల్లో కనిపించేది ఆ కుటుంబానికే ప్రత్యేకమైనది. అందుకే నాలుగైదు తెలిసిన మార్పులను మాత్రమే వెతికే పరీక్ష ఇక్కడ పనికిరాదు, జన్యువు మొత్తం చదవాల్సిందే.

వీటిలో తరచుగా కనిపించేవి ఒక్క అక్షరం మారి ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకొకటి వచ్చే మిస్సెన్స్ మార్పులు. 167వ, 173వ ఆర్జినిన్ల స్థానంలో ట్రిప్టోఫాన్ రావడం పేరుపొందిన ఉదాహరణలు. వీటిలో ఎంజైమ్ ప్రోటీన్ తయారవుతుంది, ప్రతిదేహాలతో వెతికితే దొరుకుతుంది, కానీ పీబీజీని పట్టుకుని గొలుసు కట్టే పని చేయలేదు. 116వ ఆర్జినిన్ సంగతి వేరు. అది ప్రోటీన్ మడత నిలబడటానికి పనికొచ్చేది. అది మారితే అణువు నిలకడ కోల్పోయి కణంలోనే విరిగిపోతుంది. ఈ మూడు చోట్లా డీఎన్ఏ కోడ్‌లో సీ పక్కన జీ ఉంటుంది. అలాంటి చోట సీకి మిథైల్ గుంపు చేరి, కాలక్రమంలో అది టీగా మారిపోవడం మానవ జన్యువుల్లో తరచూ జరిగేదే. అందుకే ఏ చుట్టరికమూ లేని, వేర్వేరు దేశాల కుటుంబాల్లో ఇవే మార్పులు మళ్లీమళ్లీ కొత్తగా పుడుతుంటాయి.

మరికొన్ని మ్యుటేషన్లు ప్రోటీన్‌ను మధ్యలోనే ఆపేస్తాయి. ఉత్తర స్వీడన్‌లో ఏఐపీ ఎక్కువగా ఉండటానికి కారణం 198వ ట్రిప్టోఫాన్ దగ్గర ఆగమని చెప్పే సంకేతం రావడం. అక్కడి కుటుంబాలు ఒకే పూర్వీకుల నుంచి ఆ మార్పును అందుకున్నాయి. స్విట్జర్లాండ్‌లో అలాగే 283వ ట్రిప్టోఫాన్ దగ్గరి మార్పు పాతుకుపోయింది. ఇంకొన్ని మార్పులు ఎక్సాన్ల అంచుల్లో పడి ఆర్ఎన్ఏ కత్తిరింపును చెడగొడతాయి. కొద్ది కుటుంబాల్లో జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. ఆ చివరి రకం మామూలు సీక్వెన్సింగ్‌కు (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్షకు) కనబడదు. రెండో ప్రతి చక్కగా ఉండటంతో యంత్రం దాన్నే చదివి అంతా బాగుందని చెబుతుంది. పీబీజీ స్పష్టంగా పెరిగి ఉండి సీక్వెన్సింగ్‌లో ఏమీ దొరకకపోతే, ఎంఎల్‌పీఏ అనే ప్రతుల లెక్క పరీక్ష అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లకు దారితీసేది మొదటి ఎక్సాన్. హెచ్ఎంబీఎస్‌కు రెండు ప్రమోటర్లు (జన్యువు చదవడాన్ని మొదలుపెట్టించే చోట్లు) ఉన్నాయి. శరీరమంతటా, కాలేయంలో కూడా, వాడేది మొదటిది. అక్కడినుంచి వచ్చే ఆర్ఎన్ఏలో 1వ ఎక్సాన్ 3వ ఎక్సాన్‌కు అతుకుతుంది, 361 అమైనో ఆమ్లాల ఎంజైమ్ వస్తుంది. ఎర్ర రక్తకణాలను తయారుచేసే కణాలు రెండో ప్రమోటర్ వాడతాయి. ఆ ఆర్ఎన్ఏ 2వ ఎక్సాన్ నుంచి మొదలై, ప్రోటీన్ మాత్రం 3వ ఎక్సాన్‌లో మొదలవుతుంది, పొడవు 344. ఇప్పుడు మ్యుటేషన్ 1వ ఎక్సాన్‌లోనో దాని అంచులోనో పడిందనుకోండి. కాలేయంలో ఎంజైమ్ సగమవుతుంది, ఎర్ర రక్తకణాల్లో మాత్రం నూటికి నూరుపాళ్లు ఉంటుంది. ఏఐపీ కుటుంబాల్లో సుమారు 5 శాతం ఇలాంటివే. రక్తంలో పీబీజీ డీఅమినేజ్ కొలిచి, ‘నార్మల్’ అని వచ్చింది గనక పోర్ఫిరియా లేదని తేల్చేయడం వీళ్ల విషయంలో పూర్తిగా తప్పు.

ఆ రక్తపరీక్షకు ఇంకో ఇబ్బంది ఉంది. కొత్తగా పుట్టిన ఎర్ర రక్తకణాల్లో ఈ ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది. రక్తస్రావం తర్వాతో, రక్తకణాలు త్వరగా విరిగే జబ్బులోనో కొత్త కణాలు పెరిగితే అసలు లోపం మరుగున పడుతుంది. పైగా ఆరోగ్యవంతుల్లో తక్కువ విలువలూ, లోపం ఉన్నవాళ్లలో ఎక్కువ విలువలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. కుటుంబంలో మ్యుటేషన్ ఏదో తెలిశాక ఈ పరీక్ష మీద ఆధారపడాల్సిన పనే లేదు.

రెండు ప్రతులూ చెడితే ఏమవుతుంది? అలాంటి పిల్లలు బహు అరుదు. వాళ్లలో జబ్బు యుక్తవయసు దాకా ఆగదు. పసితనంలోనే నరాల వ్యవస్థ తీవ్రంగా దెబ్బతింటుంది. సగం ఎంజైమ్ ఎంత విలువైనదో వీళ్లను చూస్తే తెలుస్తుంది.

నిప్పు రాజేసేవి

సాధారణ జనాభాలో లోపం ఉన్నవాళ్లలో ఒక శాతం దాకా జబ్బు బయటపడితే, ఇప్పటికే రోగి ఉన్న కుటుంబాల్లో ఆ లెక్క 20 శాతం పైకి వెళ్తుంది. మ్యుటేషన్ అదే అయినా తేడా ఇంత ఉందంటే, ఆ కుటుంబాలు పంచుకుంటున్న ఇతర జన్యువులు, అలవాట్లు కూడా పాత్ర పోషిస్తున్నాయనుకోవాలి. మ్యుటేషన్ రకాన్ని చూసి ఫలానావాళ్లకు ఎటాక్ వస్తుందని, రాదని చెప్పడం సాధ్యం కాదు. రిపోర్టులో ‘తీవ్రమైన మ్యుటేషన్’ అని కనబడినా ఆ మాట ఎంజైమ్‌కు వర్తిస్తుందే తప్ప మనిషి భవిష్యత్తుకు కాదు.

ఎటాక్‌లను రెచ్చగొట్టేవి మాత్రం బాగా తెలుసు. అవన్నీ చివరికి ఏఎల్ఏఎస్1 దగ్గరికే చేరతాయి. ఫినోబార్బిటాల్, కార్బమజెపిన్, ఫెనిటోయిన్, రిఫాంపిసిన్ వంటి మందులు కాలేయంలో సైటోక్రోమ్ పీ450లను పెంచుతాయి. వాటికి హీమ్ కావాలి గనక నిల్వ కరిగిపోతుంది. దానికి తోడు ఈ మందులు కాలేయకణంలో తాకే గ్రాహకాలే ఏఎల్ఏఎస్1 జన్యువును కూడా నేరుగా తట్టి లేపుతాయి. సల్ఫా మందులు, గ్రిసియోఫల్విన్, వాల్‌ప్రోయేట్ కూడా వదిలేయాల్సిన జాబితాలో ఉన్నాయి.

పస్తు దారి ఇంకోటి. రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్ తగ్గినప్పుడు కాలేయం గ్లూకోజ్‌ను తానే తయారు చేసుకోవడానికి పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. అదే ప్రోటీన్ ఏఎల్ఏఎస్1ను కూడా పెంచుతుంది. బరువు తగ్గడానికి పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేసే ఆహార పద్ధతులు, ఆపరేషన్ ముందు గంటల తరబడి ఖాళీ కడుపు, వాంతులతో రెండురోజులు ఏమీ తినకపోవడం: కాలేయం దృష్టిలో ఇవన్నీ ఒక్కటే. జ్వరం, ఇన్ఫెక్షన్, మద్యం, పొగ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా బయటపడటానికి కారణం హార్మోన్లు. యుక్తవయసుకు ముందు ఎటాక్ రావడం చాలా అరుదు. ఆ తర్వాత కొందరికి నెలసరికి ముందు వారంలో, ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఎటాక్‌లు తిరిగితిరిగి వస్తాయి. ముట్లు ఆగిపోయాక చాలామందిలో తగ్గిపోతాయి. ప్రొజెస్టెరాన్ తరహా హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు కొత్తగా మొదలుపెట్టిన కొన్నాళ్లకే తొలి ఎటాక్ రావడం కూడా తెలిసిన సంగతే.

ఎటాక్‌ను గుర్తించడం, నిర్ధారించడం

విపరీతమైన కడుపునొప్పి దాదాపు ప్రతి ఎటాక్‌లోనూ ఉంటుంది. గంటలకొద్దీ, రోజులకొద్దీ ఉంటుంది, ఒకచోట అని చూపించలేరు. చేత్తో నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. స్కాన్‌లో ఏమీ కనిపించదు. ఎందుకంటే నొప్పి పేగుల వాపుది కాదు, నరాలది. మలబద్ధకం, వాంతులు, గుండెదడ, బీపీ పెరగడం, నిద్రలేమి, కంగారు తోడవుతాయి. రక్తంలో సోడియం పడిపోవడం ముఖ్యమైన ఆధారం. అది బాగా పడితే ఫిట్స్ వస్తాయి. ఆలస్యమైతే భుజాలు, తొడల కండరాల బలహీనతతో మొదలై ఊపిరి తీసే కండరాల దాకా పక్షవాతం పాకవచ్చు. మూత్రం వెలుతురులో ఉంచాక ముదురు ఎరుపో గోధుమరంగో అవ్వొచ్చు. కానీ అలా అవ్వకపోతే జబ్బు లేదని కాదు.

కారణం తెలియని కడుపునొప్పి, తగ్గిన సోడియం, యుక్తవయసు దాటిన స్త్రీ: ఈ మూడూ కలిసినప్పుడు అడగాల్సిన పరీక్ష మూత్రంలో పీబీజీ. దానికి 24 గంటల మూత్రం అక్కర్లేదు. ఆ క్షణాన ఇచ్చిన 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. సీసాను అల్యూమినియం కాగితంతో చుట్టి వెలుతురు తగలకుండా ఉంచాలి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ల్యాబ్ దూరమైతే గడ్డకట్టించి పంపాలి. ఫలితాన్ని క్రియాటినిన్‌తో పోల్చి ఇవ్వమని కోరాలి. లేకపోతే నీళ్లెక్కువ తాగి పలచబడిన మూత్రంలో పెరుగుదల కనిపించకుండా పోవచ్చు. ఏఐపీ ఎటాక్‌లో పీబీజీ మామూలు గరిష్ఠ పరిమితికి 10 రెట్లు దాటడం సర్వసాధారణం. నొప్పి తీవ్రంగా ఉన్న రోజు తీసిన మూత్రంలో పీబీజీ మామూలుగా ఉంటే ఆ నొప్పికి కారణం ఏఐపీ కాదు.

తరచుగా జరిగే పొరపాటు పీబీజీ బదులు ‘మొత్తం పోర్ఫిరిన్లు’ (హీమ్ తయారీలో తర్వాతి మెట్ల పదార్థాలు) అడగడం. కాలేయ జబ్బుల్లో, మద్యం అలవాటున్నవాళ్లలో, ఇంకా ఎన్నో మామూలు కారణాలకు మూత్రంలో కోప్రోపోర్ఫిరిన్ అనే పోర్ఫిరిన్ కొంచెం పెరుగుతుంది. దాన్ని చూసి పోర్ఫిరియా అని ముద్ర వేస్తే అసలు జబ్బు వెనకబడుతుంది. రెండో పొరపాటు హీమిన్ (ఎటాక్‌లో హీమ్ లోటు తీర్చే మందు) ఎక్కించాక నమూనా తీయడం. అప్పటికే పీబీజీ పడిపోతూ ఉంటుంది. చికిత్స ఆపకండి, కానీ మొదటి సీసా ఎక్కించేముందు మూత్రం పట్టి దాచండి.

పీబీజీ పెరిగిందని తేలాక ఏ పోర్ఫిరియానో విడదీయాలి. 3వ క్రోమోజోమ్ మీది సీపీఓఎక్స్ జన్యువు చెడితే హెరిడిటరీ కోప్రోపోర్ఫిరియా, 1వ క్రోమోజోమ్ మీది పీపీఓఎక్స్ చెడితే వేరిగేట్ పోర్ఫిరియా వస్తాయి. రెండింటిలోనూ ఏఐపీ లాంటి ఎటాక్‌లే వస్తాయి. ఏఐపీలో మాత్రం ఉండనిది ఎండ తగిలిన చర్మం మీద బొబ్బలు. ఈ రెండు జబ్బుల్లో ఎటాక్ తగ్గిన కొద్ది రోజులకే పీబీజీ మామూలు స్థాయికి దిగిపోతుంది. ఏఐపీలో నెలలు, ఏళ్లు ఎక్కువగానే ఉండిపోతుంది. రక్తపు ప్లాస్మాపై కాంతి వేసి చూసే పరీక్షలో వేరిగేట్ రకం 626 నానోమీటర్ల దగ్గర ప్రత్యేకంగా మెరుస్తుంది. నాలుగోది ఏఎల్ఏడీ, అంటే రెండో మెట్టు ఎంజైమ్, లోపం. దానికి రెండు ప్రతులూ చెడాలి. ప్రపంచం మొత్తం మీద నమోదైన రోగులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందులో పీబీజీ పెరగదు గనక ఏఎల్ఏ కూడా కొలవాలి.

జన్యు పరీక్ష రిపోర్టును చదవడం

జన్యు పరీక్ష ఎటాక్ ఉందో లేదో చెప్పదు, ఆ పని మూత్రానిది. జన్యు పరీక్ష చెప్పేది ఏ జన్యువులో ఏ మార్పో. అందుకే పీబీజీ పెరిగిన మనిషితోనే మొదలుపెట్టాలి. ఆ ఒక్కరిలో హెచ్ఎంబీఎస్, సీపీఓఎక్స్, పీపీఓఎక్స్ మూడూ చదివితే దాదాపు అందరిలోనూ మార్పు దొరుకుతుంది. ల్యాబ్‌ను అడగాల్సినవి: అన్ని ఎక్సాన్లూ వాటి అంచులతో సహా చదివారా, 1వ ఎక్సాన్, ప్రమోటర్లు కలిశాయా, పెద్ద ముక్కల లోపాన్ని వెతికారా.

పీబీజీ ఎప్పుడూ పెరగని మనిషిలో ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని వస్తే దాన్ని జబ్బుగా లెక్కవేయకూడదు. అది కుటుంబంలో ఎటాక్‌లు వచ్చినవాళ్లలోనే ఉందా, దానివల్ల ఎంజైమ్ శక్తి తగ్గుతోందని ప్రయోగశాలలో చూపించారా అన్నది తేలేదాకా ఆగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వరసపెట్టి వందల జన్యువులు చదివే రోజులివి. ఇలాంటి రిపోర్టులు ఎక్కువవుతాయి, అనవసర భయమూ ఎక్కువవుతుంది.

హానికరమైన మార్పు ఖాయమైతే తల్లిదండ్రుల్లో ఒకరికి అది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు పిల్లల్లో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం సగానికి సగం. వాళ్లలో ఆ ఒక్క మార్పునే వెతికితే చాలు. పని త్వరగా అవుతుంది, జవాబు కచ్చితంగా ఉంటుంది. ఆడపిల్లల్లో యుక్తవయసు రాకముందే తెలుసుకోవడం మేలు. మందుల ఎంపిక, గర్భనిరోధకాలు, పస్తుల విషయంలో జాగ్రత్త పడాల్సింది అప్పటినుంచే.

లోపం ఉందని తెలిసినవాళ్లు ప్రతి కొత్త మందునూ సరిచూసుకోవాలి. నార్వేలోని పోర్ఫిరియా కేంద్రం నాపోస్ నడిపించే మందుల డేటాబేస్ ప్రతి మందునూ ఐదు తరగతుల్లో ఒకదానిలో పెడుతుంది. పారాసెటమాల్, పెన్సిలిన్లు, మార్ఫిన్, ప్రొప్రనలాల్, గాబాపెంటిన్, లెవెటిరాసిటామ్ సురక్షితమైనవాటిలో ఉన్నాయి. ‘ఏ మందూ పడదు’ అనే భయంతో నొప్పికి మార్ఫిన్ కూడా ఇవ్వకుండా రోగిని వదిలేయడం క్రూరం, అది శాస్త్రమూ కాదు. ఎటాక్‌లో ఫిట్స్ వస్తే మందుకన్నా ముందు చూడాల్సింది సోడియం, మెగ్నీషియం.

చికిత్స అంతా మొదటి మెట్టు మీదే

మూడో మెట్టును బాగుచేసే మార్గం ఇంకా చేతికి రాలేదు. మంచి హెచ్ఎంబీఎస్ ప్రతిని వైరస్ వాహకంతో కాలేయానికి చేర్చే తొలి ప్రయోగం 8 మందిలో జరిగింది. హాని లేదని తేలింది గానీ ఏఎల్ఏ, పీబీజీ తగ్గలేదు. కాబట్టి కాలేయ మార్పిడి తప్ప ఇప్పుడున్న చికిత్సలన్నీ ఏఎల్ఏఎస్1ను అణచేవే.

తేలికపాటి ఎటాక్‌లో రోజుకు కనీసం 300 గ్రాముల గ్లూకోజ్ నోటి ద్వారానో సిర (రక్తనాళం) ద్వారానో ఇస్తారు. ఇది తాత్కాలిక సాయమే. సోడియం తక్కువగా ఉన్నవాళ్లకు ఉప్పు లేని ఉత్త డెక్స్‌ట్రోస్ నీళ్లు లీటర్లకొద్దీ ఎక్కిస్తే సోడియం ఇంకా పడిపోయి ఫిట్స్ రావచ్చు. బలహీనత, ఫిట్స్, సోడియం పతనం, ఆగని వాంతులుంటే గ్లూకోజ్‌తో కాలయాపన చేయకుండా హీమిన్ మొదలుపెట్టాలి. మోతాదు కిలో బరువుకు రోజుకు 3 నుంచి 4 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, నాలుగు రోజులు. బయటినుంచి వచ్చిన ఈ హీమ్ కాలేయానికి చేరి కళ్లేలను మళ్లీ బిగిస్తుంది. రెండు మూడు రోజుల్లో పీబీజీ పడిపోతుంది. ఇప్పటికే దెబ్బతిన్న నరాలు మాత్రం కోలుకోవడానికి నెలలు పడుతుంది, అందుకే ఒక్కరోజు ఆలస్యం కూడా ఖరీదైనదే. హీమిన్ చిన్న సిరలను మండించి మూసేస్తుంది. పెద్ద సిర ద్వారా, ఆల్బుమిన్‌లో కలిపి ఇవ్వడం మంచిది. మళ్లీమళ్లీ వాడేవాళ్లలో ఇనుము పేరుకుంటుంది. 250 మిల్లీగ్రాముల మోతాదులో సుమారు 22 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది గనక ఫెరిటిన్ (ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష) చూస్తూ ఉండాలి.

ఎటాక్‌లు తరచూ వచ్చేవాళ్లకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన గివోసిరాన్ ఉంది. ఇది ఏఎల్ఏఎస్1 ఎంఆర్ఎన్ఏను వెతికి తెంపే చిన్న ఆర్ఎన్ఏ ముక్క. కాలేయ కణాలు మాత్రమే లాక్కునే ఒక చక్కెర తోక దానికి తగిలించి ఉంటుంది. కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున నెలకొకసారి చర్మం కింద ఇస్తారు. 94 మందిపై ఆరు నెలలు సాగిన పరీక్షలో ఏఐపీ రోగుల్లో ఎటాక్‌ల రేటు 74 శాతం తగ్గింది. వాడేవాళ్లలో కాలేయ ఎంజైములు, క్రియాటినిన్, హోమోసిస్టీన్ చూస్తూ ఉండాలి.

ఏదీ పనిచేయని కొద్దిమందికి కాలేయ మార్పిడి చేస్తారు. అది జబ్బును పూర్తిగా ఆపేస్తుంది. ఏఐపీ రోగి నుంచి తీసిన కాలేయాన్ని, వేరే దారి లేని ఇంకో రోగికి అమర్చిన సందర్భాలున్నాయి. కొత్త కాలేయం పొందిన ఏఐపీ రోగి బాగుపడ్డాడు, ఆ పాత కాలేయం అందుకున్నవాళ్లకు ఎటాక్‌లు వచ్చాయి. నరాల్లో హీమ్ లోటు కాదు, కాలేయం పంపే విషమే అసలు కారణమన్న వాదనకు ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు.

ఎటాక్‌లు లేకపోయినా పీబీజీ ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లు ఒక వర్గం ఉన్నారు. మ్యుటేషన్‌కూ జబ్బుకూ మధ్య నిలబడ్డవాళ్లు వీళ్లు, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ వీళ్లే. ఏళ్ల తరబడి ఏఎల్ఏ, పీబీజీ ఎక్కువగా ఉంటే బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు మెల్లగా దెబ్బతింటాయి. సిర్రోసిస్ లేకుండానే కాలేయ క్యాన్సర్ రావచ్చు. కాబట్టి నొప్పి లేదని వైద్యుణ్ని వదిలేయకుండా ఏడాదికొకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో పీబీజీ చూపించుకోవాలి. 50 ఏళ్లు దాటాక ఆరు నెలలకొకసారి కాలేయానికి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి.